గాజుతొట్టిలో చేపల సంతానము : గ్రుడ్ల రక్షణము, పిల్లల పోషణము

గాజుతొట్టిలో చేపలను పెంచుట నేడు పట్టణములలోనే గాక పల్లెలలోను వేడుకగా నున్నది. అంగడినుండి నాలుగు చేపలను కొని తెచ్చి తొట్టిలో విడిచి, పూటకొక చిటికెడు మేత చల్లుట యెవరికైనను సాధ్యమే. కాని యా చేపలు గ్రుడ్లు పెట్టి, ఆ గ్రుడ్లు పిల్లలై, ఆ పిల్లలు పెరిగి పెద్దవగునట్లు చేయుట వేఱొక విద్య. మొదటిది వినోదము, రెండవది శాస్త్రము. ఈ రెండవదానినిగూర్చి మన పాఠశాల విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును ఉపయోగించు కొన్ని సంగతుల నిచ్చట వ్రాయుచున్నాము.

ఒక మాట మొదటనే చెప్పవలసి యున్నది. చేపలచే గ్రుడ్లు పెట్టించుట గొప్ప కష్టము కాదు. పుట్టిన పిల్లలను నిలుపుటయే కష్టము. గ్రుడ్లు కనబడిన దినమున నింటిల్లిపాదియు సంతోషించును. రెండు వారములు గడచునప్పటికి తొట్టిలో నొక్క పిల్లయు మిగులకుండుట పలుచోట్ల జరుగుచున్నది. ఇది వాని తలవ్రాత యని సరిపెట్టుకొనరాదు. ఆ పిల్లలు చచ్చుటకు ప్రధానకారణములు రెండే: ఒకటి, నోటికి సరిపడు మేత లేకపోవుట, రెండు, నీరు చెడుట. ఈ రెండును మన చేతిలోనివే. కావున నీ వ్యాసమున గ్రుడ్లకంటె పిల్లలకును, వాని మేతకును, నీటికిని ఎక్కువ తావిచ్చితిమి.

మూడు విధముల సంరక్షణము

చేపలన్నియు సంతానము నొక్కరీతిగా కాపాడవు. చారచేప, బంగారుచేప మొదలగునవి గ్రుడ్లను నీటిలో వెదజల్లి పోవును. తరువాత వానిని తలంపవు సరికదా, కనబడినచో తామే తినివేయును.

రెండవ తెగవి గ్రుడ్లను కాచునవి. సయాము దేశపు పోరుచేప యిందులకు మంచి యుదాహరణము. దీని మగచేప నీటిపైకి వచ్చి గాలి మ్రింగి, నోటిలోని జిగటతో బుడగలు చేసి, వానితో తేలుచుండు గూడు నొకదానిని కట్టును. ఆడుచేప విడిచిన గ్రుడ్లు క్రిందికి జాఱుచుండగా మగచేప వానిని నోట గ్రహించి గూటిలో నిలుపును. ఏదైన జాఱిపడినచో మరల నెత్తి స్వస్థానమున నుంచును. మన చెఱువులలోని కొర్రమీను సైత మీ తెగకే చేరును. ఎఱ్ఱని చిఱుపిల్లలు గుంపుగా నీటిపై కదలుచుండగా పెద్దచేపలు వాని క్రింద కావలి తిరుగుట పల్లెబాలు రనేకులు చూచియే యుందురు. తెలంగాణ రాష్ట్రచేపగా నెన్నబడినది యీ కొర్రమీనే.

మూడవ తెగకు చేరిన గప్పీ మొదలగు వానికి గ్రుడ్లు తల్లి కడుపులోనే పిల్లలగును. ఆ పిల్లలు పుట్టిన వెంటనే యీదును, వెంటనే మేత వెదకికొనును. అయినను గుబురైన నాచు లేనిచో తల్లియే వానిని మ్రింగును.

దీనినిబట్టి యొక సంగతి గ్రహింపవలెను. వెదజల్లు చేపకు గ్రుడ్ల సంఖ్యయే రక్ష. నదిలోనో వాగులోనో వందలలో నాలుగు మిగిలిన చాలును, జాతి నిలుచును. గాజుతొట్టిలో నట్లు కాదు. అచ్చట ప్రవాహము లేదు, దాగుటకు చోటు లేదు, దొరకుటకు మేత లేదు. అట్టి చేపచే గ్రుడ్లు పెట్టించువాడు దాని తల్లిదండ్రులు చేయని పనిని తాను పూనుచున్నాడు.

మొదట నేర్వదగిన చేప

తొలిసారి యీ పనికి పూనువారికి చారచేపను మేము సూచింతుము. అంగళ్లలో దీనిని జీబ్రా చేప యందురు. శాస్త్రజ్ఞులు దీనికి డేనియో రీరియో యని పేరు. ఇది పరదేశపు చేప కాదు. ఇండియా, నేపాలు, బంగ్లాదేశములలోని సన్నని వాగులలోను, వరిపొలముల యంచునను, నిలిచిన నీటిలోను సహజముగా నుండును. ఫ్రాన్సిస్ హామిల్టన్ అను వైద్యుడు గంగానదీ ప్రాంతపు చేపలనుగూర్చి 1822వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున దీనిని వర్ణించెను. సుమారు 4 సెంటీమీటర్ల పొడవు గలిగి, నీలిచారలతో వెండివలె మెఱయుచుండును. మగచేప సన్నగా నుండి చారల నడుమ పసిడిరంగు కలిగి యుండును. ఆడుచేప పొట్ట గుండ్రముగా తెల్లగా నుండును.

ఇంత చిన్నచేపకు లోకమునందు గొప్ప ప్రసిద్ధి కలదు. అమెరికాలోని ఆరిగన్ విశ్వవిద్యాలయమున జార్జి స్ట్రైసింగరు పండితుడు దీనిని వంశపారంపర్య శాస్త్ర పరిశోధనకు వినియోగించి 1981లో తన ఫలితములను ప్రకటించెను. 2013లో దీని జన్యువుల పట్టిక ప్రకటింపబడినపుడు మానవుని జన్యువులలో నూటికి సుమారు 70కి దీనియందు సాటి జన్యువు లున్నట్లు తెలిసినది. దీని గుండెలో నైదవవంతు కోసివేసినను రెండు నెలలలో మరల పెరుగునని 2002లో తేలినది. హైదరాబాదులోని సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ యందును ఈ చేపపై పరిశోధన జరుగుచున్నది. శాస్త్రజ్ఞు లింతగా దీని నాదరించుటకు కారణ మేమి? దీని గ్రుడ్డు గాజువలె పారదర్శకమై, లోపలి పిల్ల పెరుగుట కంటికి కనబడుటయే. ఆ దృశ్యమును మన విద్యార్థులును చూడవచ్చును.

నీటిని సిద్ధపఱచుట

కుళాయినీటిలో సూక్ష్మజీవులను చంపుటకు క్లోరిను కలుపుదురు. అది చేపల మొప్పలకు హాని చేయును. నీటిని వెడల్పు పాత్రలో ఒక రాత్రియు నొక పగలును తెఱచి యుంచినచో క్లోరిను గాలిలో కలిసిపోవును. కొన్ని పట్టణములలో క్లోరమిను అను వేఱొక పదార్థమును వాడుదురు. అది నిలువయుంచుటచే పోదు. అట్టిచోట అంగడిలో దొరకు క్లోరిను విఱుగుడు మందును దానిపై వ్రాసిన కొలతచొప్పున వాడవలెను.

నీటి వేడిమి 26 మొదలు 28 సెంటిగ్రేడు డిగ్రీల వఱకు నుండుట మేలు. మన యెండకాలమున తొట్టినీరు 32 డిగ్రీలు దాటుట కలదు. నీరు వేడెక్కిన కొలది దానిలో కరగియుండు ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల యొద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగలదు. 30 డిగ్రీల యొద్ద సుమారు ఏడున్నర మిల్లీగ్రాములే. అందుచేత వేసవిలో తొట్టిని కిటికీ యెండకు దూరముగా నుంచి, మూతపై తడిగుడ్డ కప్పి, గాలి గొట్టముతో మెల్లగా బుడగలు విడువవలెను. విద్యుచ్ఛక్తి ఆగిపోయినచో చెంబుతో నీటిని తీసి కొంత యెత్తునుండి మరల తొట్టిలో సన్నని ధారగా పోయుచుండినను ప్రాణవాయువు చేరును. ఇది పెద్దచేపల తొట్టికి మాత్రమే. పిల్లలున్న తొట్టిలో నిట్లు చేయరాదు.

గ్రుడ్లు పెట్టించుట

ఆడుచేపలను, మగచేపలను వారము పది దినములు వేర్వేఱుగా నుంచి పుష్టిగా మేపవలెను. నీటిపురుగులు, దోమపిల్లలు మంచి బలమైన మేత. అయితే దోమపిల్లలను చేపలు వెంటనే తినివేయునంత మాత్రమే వేయవలెను. మిగిలినచో ఇంటిలో దోమలు పుట్టును.

పిమ్మట సుమారు 10 లీటర్లు పట్టు చిన్నతొట్టిని తీసికొని, అడుగున గోలీలను రెండు వరుసలుగా పఱచి, వానిపై నాలుగంగుళముల యెత్తున సిద్ధపఱచిన నీరు పోయవలెను. చారచేప గ్రుడ్లు అంటుకొనవు, అడుగునకు దిగును. అవి గోలీల సందులలోనికి జాఱిపోవును గనుక పెద్దచేపల నోటికి చిక్కవు. గోలీలు లేనిచో గ్రుడ్లు జాఱునంతటి రంధ్రములును, చేపలు దూరలేనంతటి సన్నదనమును గల జల్లెడను అడుగునకు కొంచెము పైగా నమర్చినను చాలును.

సాయంకాలము ఒక ఆడుచేపను, రెండు మగచేపలను ఆ తొట్టిలో విడిచి, గుడ్డ కప్పి చీకటి చేయవలెను. మఱునాడు వేకువను గుడ్డ తీయవలెను. ఉదయపు వెలుగే వానికి సంకేతము. మగచేపలు ఆడుచేపను తఱుముచు ప్రక్కకు చేరును; అప్పుడు ఆడుచేప గ్రుడ్లు విడుచును. వెలుగు వచ్చిన తరువాత తొలిగంటలలోనే పని ముగియును. ఒక్క ఆడుచేప నూఱు, ఇన్నూఱు గ్రుడ్లు పెట్టవచ్చును. వెంటనే పెద్దచేపల నన్నిటిని తీసివేయవలెను. ఒక్కపూట జాగుచేసినను గ్రుడ్లు తరుగును.

గ్రుడ్డులోని వింత

గ్రుడ్లను సన్నని రబ్బరు గొట్టముతో వెలుపలికి లాగి, అదే వేడిమి గల శుభ్రజలమున కడిగి, వెడల్పాటి గాజుపళ్లెములలో పళ్లెమునకు 50కి మించకుండ నుంచవలెను. సాయంకాలము పరీక్షింపగా కొన్ని గ్రుడ్లు సుద్దవలె తెల్లబడి కనబడును. అవి ఫలింపనివి, లేక చచ్చినవి. వానిని చుక్కలు విడుచు గాజుగొట్టముతో నొక్కొక్కటిగా తీసివేయవలెను. తీయనిచో వానిపై బూజు పట్టి, ప్రక్కనున్న మంచిగ్రుడ్లకును వ్యాపించును. నీరు లేతనీలమగునంత మాత్రము మెథిలీన్ బ్లూ మందును కలిపిన బూజు కొంత యణగును. కాని మందుకంటె ప్రతిదినము చచ్చినవానిని తీసి, నీటిని మార్చుటయే ముఖ్యము.

మంచి గ్రుడ్డు మిల్లీమీటరుకు కొంచె మెక్కువ పరిమాణము గల గాజుపూసవలె నుండును. 28 డిగ్రీల వేడిమిలో, గ్రుడ్డు ఫలించిన సుమారు ముప్పావుగంటకు అందలి కణము రెండగును. పిమ్మట ప్రతి పావుగంటకు సుమారుగా నొక్కమాఱు విభజింపబడి నాలుగు, ఎనిమిది, పదునాఱుగా వృద్ధినొందును. ఒక దినము గడచునప్పటికి తలయు, తోకయు, కన్నుల గుర్తులును ఏర్పడును. గుండె కొట్టుకొన నారంభించును. పాఠశాలలోని సూక్ష్మదర్శినిక్రింద దీనిని చూచిన బాలుడు జీవశాస్త్ర పాఠమును మఱి మఱవడు. రెండవ దినము చివరనుండి మూడవ దినము లోపల పిల్ల పొరను చీల్చుకొని వెలువడును. నీరు చల్లగా నున్నచో ఇంకను ఆలస్యమగును; తొందరపడి గ్రుడ్లను కదపరాదు.

ఐదవ దినము : ప్రాణసంకటము

వెలువడిన పిల్ల పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లే. అది కనురెప్ప వెండ్రుక ముక్కవలె గాజునకు అంటుకొనియో, అడుగున పడియో యుండును. దాని పొట్టక్రింద పచ్చసొన సంచి యుండును. ఆ సొనయే దాని యాహారము. ఈ రెండు దినములు మేత వేయుట వ్యర్థమే కాక హానికరము. తినబడని మేత క్రుళ్లి నీటిని చెఱచును.

నాలుగవ, ఐదవ దినములలో పిల్ల పైకి వచ్చి గాలిని మ్రింగి తన గాలితిత్తిని నింపుకొనును. అప్పటినుండి నిలువుగా పడిపోక అడ్డముగా నీదును. నీటిపై నూనె జిడ్డు గాని, మేతపొర గాని తేలుచున్నచో పిల్ల యా గాలిని గ్రహింపలేదు. ఈదినది మొదలు దానికి మేత కావలెను. ఏలయన సొన అప్పటికి తఱుగుచున్నది. ఏడవ దినము సమీపించునప్పటికి సొన పూర్తిగా ముగియును. అప్పుడు తనకు సరిపడు మేత దొరకని పిల్ల క్రమముగా బలహీనమై, తరువాత మేత దొరకినను తినలేని స్థితికి వచ్చును. ఇదియే సంకటకాలము. గ్రుడ్లు పెట్టించిన తరువాత మేతకొఱకు వెదకువాడు ఆలస్యముగా మేల్కొనినవాడు. మేతను గ్రుడ్లకంటె ముందే సిద్ధపఱచవలెను.

మేత సిద్ధపఱచు విధము

అంగడిలో దొరకు మేతపలుకులు ఈ పిల్లల నోటికి పెద్దబండలవంటివి. వానికి కంటికి కనబడీ కనబడని జీవులు కావలెను. వరిగడ్డిని పిడికెడు తీసికొని లీటరు నీటిలో మరగించి, చల్లారిన పిదప గాజుసీసాలో పోసి, పాత తొట్టినుండి నాచుతోకూడ కొంత నీటిని తోడుగా కలిపి, పలుచని గుడ్డ కట్టి నీడలో నుంచవలెను. మొదట నీరు మబ్బుగా నగును, వాసన వేయును. అది బాక్టీరియా పెరిగినదనుటకు గుర్తు. నాలుగైదు దినములకు వానిని తినుచు పారమీసియము మొదలగు జీవులు వృద్ధినొందగా నీరు తేరును. ఆ నీటిని గాజుగ్లాసులో వెలుగునకు పట్టి చూచినచో సన్నని ధూళి కదలుచున్నట్లు కనబడును. ఈ నీటిని గాజుగొట్టముతో కొన్ని చుక్కలు దినమునకు మూడు నాలుగు మాఱులు పిల్లలున్న చోట విడువవలెను. సీసాలు రెండు మూడు దినముల యెడముతో మూడైన సిద్ధముగా నుండుట మంచిది. ఒకటి చెడినను మఱొకటి యాదుకొనును.

ఉడికించిన కోడిగ్రుడ్డు పచ్చసొనను గుడ్డలో మూటగట్టి నీటిలో పిసికి, ఆ పాలవంటి నీటిని వాడువారు కలరు. ఇది యాపద్ధర్మము మాత్రమే. చుక్క యెక్కువైనను రాత్రికి రాత్రి నీరు చెడును.

రెండవ వారమునుండి ఆర్టీమియా యను ఉప్పునీటి రొయ్యపురుగుల పిల్లలను పెట్టవచ్చును. ఎండిన వాని గ్రుడ్లు డబ్బాలలో దొరకును. లీటరు నీటికి 25 మొదలు 30 గ్రాముల యుప్పు కలిపి, చిటికెడు గ్రుడ్లు వేసి, గాలిబుడగలతో కలియబెట్టుచు 28 డిగ్రీల వేడిమిలో నుంచినచో ఒకటి ఒకటిన్నర దినములలో నారింజరంగు పిల్లలు వెలువడును. వానిని సన్నని గుడ్డలో వడియగట్టి మంచినీట కడిగి పెట్టవలెను. తిన్న చేపపిల్లల పొట్టలు నారింజరంగుగా కనబడును. మేత నోటికి చేరినదో లేదో చెప్పుటకు ఇంతకంటె రుజువు వలదు.

నీరు చెడుట యెట్లు?

చేపల విసర్జనమును, మిగిలిన మేతయును క్రుళ్లి అమోనియా యను విషము పుట్టును. కొన్ని బాక్టీరియాలు దానిని నైట్రైటుగాను, మఱికొన్ని నైట్రైటును నైట్రేటుగాను మార్చును. అమోనియా, నైట్రైటు రెండును ప్రాణాంతకములు. నైట్రేటు అంత హానికరము కాదు. క్రొత్తతొట్టిలో నీ బాక్టీరియా యుండవు. అవి స్థిరపడుటకు కొన్ని వారములు పట్టును. అందుచేత పిల్లలను పెంచు తొట్టిలో, పాతతొట్టిలో నానిన స్పంజి వడపోతను నుంచుట యుత్తమము. బలముగా లాగు యంత్రములను పెట్టరాదు. అవి పిల్లలను కూడ లాగికొనును. ప్రతిదినము పదియవవంతు నీటిని, గుడ్డ కట్టిన సన్నగొట్టముతో తీసి, అదే వేడిమి గల నీటిని చుక్కచుక్కగా పోయవలెను. కంటికి నీరు తేటగా నున్నంత మాత్రమున అది మంచిదని నమ్మరాదు. అమోనియాకు రంగు లేదు.

పద్దుపుస్తకము

ఈ పనిచేయు ప్రతి విద్యార్థియు నొక చిన్నపుస్తకమును పెట్టుకొనవలెను. తేది, నీటి వేడిమి, గ్రుడ్ల సంఖ్య, తెల్లబడినవి, వెలువడిన పిల్లలు, పదునైదవ దినమున మిగిలినవి, వేసిన మేత - ఇవి వ్రాసిన చాలును. ఉదాహరణమునకు 150 గ్రుడ్లలో 120 పిల్లలై, పదునైదవ దినమున 60 మిగిలెననుకొందము. గ్రుడ్లలో నూటికి 80 పిల్లలైనవి. పిల్లలలో నూటికి 50 మాత్రమే నిలిచినవి. నష్టము గ్రుడ్లయందు కాదు, మేతయందో నీటియందో యున్నదని లెక్కయే చెప్పుచున్నది. రెండవమాఱు దేనిని మార్చవలయునో అప్పుడు తెలియును. రెండింటిని ఒకేమాఱు మార్చరాదు. మార్చినచో ఏది ఫలించినదో తెలియదు.

మిగిలిన పిల్లలేమగును?

చారచేప మూడు నెలలలో పెద్దదై తానును గ్రుడ్లు పెట్టగలదు. కావున నొక్క యుదయమున పుట్టినవానికి తావు చూపగలమా యని ముందే యోచింపవలెను. తలిదండ్రు లీ ప్రశ్నను పిల్లల నడిగిన తప్పు లేదు, అడుగుటయే మేలు. ఇరుగుపొరుగు మిత్రులకు, ఇతర పాఠశాలలకు, అంగడివారికి నిచ్చుట యొక మార్గము. కొన్ని గ్రుడ్లను మాత్రమే యుంచుకొనుట వేఱొక మార్గము.

చేయరాని పని యొకటి కలదు: తొట్టిచేపలను చెఱువులోనో కాలువలోనో విడువరాదు. అది దయవలె కనబడును గాని దయ కాదు. దక్షిణ అమెరికాకు చెందిన సక్కరుచేప తొట్టి శుభ్రము చేయునని యిండ్లకు వచ్చి, పెరిగి పెద్దదైన పిదప బయట విడువబడి, నేడు మన జలాశయములలో వ్యాపించి జాలరుల వలలను చింపుచున్నది. దోమలను తినునని 1928లో మన దేశమునకు తేబడిన గాంబూసియా యితర చేపల గ్రుడ్లను పిల్లలను సైతము తినును. ఒకమాఱు నీటిలో కలిసినదానిని మరల నేరి తీయుట యెవరి తరమును కాదు.

ఈ విద్యకు మఱొక ముఖమును కలదు. కేరళ, కర్ణాటక ప్రాంతములలోని పడమటి కనుమల నదులందు డెనిసన్ బార్బు అను నందమైన చేప యున్నది. మద్రాసు గవర్నరుగా నుండిన సర్ విలియం డెనిసన్ పేర 1865లో ఫ్రాన్సిస్ డే పండితుడు దానికి పేరిడెను. దాని యెఱ్ఱగీత యందమునకు మోహించిన లోకము నదులనుండి దానిని విరివిగా పట్టి యమ్మగా, నేడది యపాయమునకు లోనైన జాతులలో చేరినది. తొట్టిలో పుట్టించి పెంచు విధానము దానికి కనుగొనబడినది. తొట్టిలో పుట్టిన ప్రతిచేపయు నదిలోని యొక చేపను వలనుండి తప్పింపగలదు. నిన్నమొన్న వెలువడిన వెండ్రుకంత పిల్లకు వేళ తప్పక నాలుగు చుక్కల మేత వేయ నేర్చిన బాలుడు ఇంత పెద్దపనికి కావలసిన మొదటి పాఠమును నేర్చినవాడే. ఈ సంవత్సరము మన విద్యార్థులలో కొందఱైన గడ్డినీటి సీసాను ముందుగా సిద్ధపఱచి, ఆ పిమ్మట గ్రుడ్లకొఱకు చూతురుగాక!